బాగున్న రోడ్డుకు మళ్లీ తారెందుకు? రోడ్లు, రన్‌వేల మరమ్మతు వెనక ఉన్న లెక్క

మా ఊరి నుంచి మండల కేంద్రానికి వెళ్లే దారి రెండు రకాలుగా ఉంటుంది. చెరువు కట్ట దాకా రోడ్డు చక్కగా ఉంటుంది. కట్ట దాటాక రెండు కిలోమీటర్లు గుంతలే. ఓ వేసవిలో పెద్ద యంత్రాలు వచ్చాయి. బాగున్న ముక్క మీద పలుచగా తారు వేసి, గుంతల ముక్కను అలాగే వదిలేసి వెళ్లిపోయాయి. టీకొట్టు దగ్గర ఆ వారమంతా అదే మాట: "బిల్లుల కోసం బాగున్న రోడ్డు మీదే మళ్లీ వేశారు." నేనూ అదే అనుకున్నాను.

ఆ అనుమానం కొన్నిచోట్ల నిజమయ్యే అవకాశం ఉంది. కానీ ఎక్కడా పైసా అవినీతి లేకపోయినా, లెక్క సరిగ్గా వేసిన ఇంజినీరు కూడా చాలాసార్లు బాగున్న రోడ్డు మీదే ముందు ఖర్చు పెడతాడు. ఎందుకలాగో తెలియాలంటే రోడ్డు ఎలా చెడిపోతుందో చూడాలి.

పైన కనిపించే నలుపు గొడుగు లాంటిది

మనం రోడ్డు అనుకునే తారు పొర మొత్తం నిర్మాణంలో చిన్న భాగమే. అన్నిటికంటే కింద గట్టిగా తొక్కించిన మట్టి ఉంటుంది. దాని మీద గ్రావెల్ లాంటి పొర, ఆపైన తడిపి రోలర్‌తో అణిచిన కంకర పొర, చివరికి ఒకటో రెండో తారు పొరలు. లారీ టైరు నేలను తాకే చోటు చాలా చిన్నది. అంత చిన్న జాగాలో పడిన బరువును ఒక్కో పొరా వెడల్పుగా పంచుకుంటూ పోతే, మట్టి దగ్గరికి చేరేసరికి అది మట్టి మోయగలిగినంత అవుతుంది.

తారు పొరకు ఇంకో పని ఉంది. కింది పొరల్లోకి నీళ్లు దిగకుండా కాయడం. పొడిగా ఉన్న కంకర, మట్టి ఎంత బరువైనా మోస్తాయి. తడిస్తే వాటి బలం సగానికి సగం పడిపోవచ్చు. నల్లరేగడి నేలల్లో బాధ ఇంకా ఎక్కువ. అది వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. పైనున్న రోడ్డు కూడా దాంతో పాటే లేచి కుంగుతుంది.

వాన వెలిసిన అరగంటకు రోడ్డును దగ్గరగా చూడండి. పైభాగం ఆరి బూడిద రంగులోకి వస్తుంది. కానీ అక్కడక్కడ సన్నటి నల్లటి గీతలు మిగిలిపోతాయి, పెన్సిలుతో గీసినట్టు. అవి పగుళ్లు. రోడ్డంతా ఆరినా వాటిలో తడి ఆరలేదు. పొడి రోజున అదే రోడ్డు మీద నిలబడితే మీకు ఒక్క పగులూ కనిపించకపోవచ్చు. మా ఊరి బాగున్న ముక్క మీద నేను ఆ గీతలు చూసింది తారు వేయడానికి ముందు వచ్చిన వానల్లో. అప్పుడు వాటి అర్థం నాకు తెలియదు.

తర్వాత జరిగేది వరసగా ఉంటుంది. ఎండకూ గాలికీ తారు ఏళ్ల తరబడి గట్టిపడి పెళుసవుతుంది. వంగే గుణం పోయి చీలుతుంది. చీలికలోంచి నీళ్లు కింది కంకరలోకి దిగుతాయి. పైన లారీ వెళ్లిన ప్రతిసారీ ఆ నీళ్లు ఒత్తిడికి పైకి చిమ్ముతాయి, తమతో సన్నటి మట్టిని బయటికి తెస్తాయి. పగులు చుట్టూ ఎర్రగానో తెల్లగానో బురద మరక కనిపిస్తే, రోడ్డు లోపల ఖాళీ ఏర్పడుతోందని అర్థం. ఆపైన పగుళ్లు ఒకదానితో ఒకటి కలిసి మొసలి వీపులా గళ్లు పడతాయి. ఒక గడి ఊడి వచ్చిన రోజున గుంత పుడుతుంది. అంటే గుంత కనిపించే నాటికి రోగం మొదలై కొన్నేళ్లయింది.

కారు చేయని నష్టం లారీ ఎలా చేస్తుంది?

నీళ్ల తర్వాత రోడ్డును చెడగొట్టేది బరువు. ఇక్కడ మన అంచనాలు బాగా తప్పుతాయి. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒట్టావా అనే ఊరి దగ్గర 1958 నుంచి 1960 దాకా ఒక భారీ పరీక్ష చేశారు. రకరకాల మందాలతో రోడ్లు వేసి, వాటి మీద రకరకాల బరువులున్న లారీలను సైనికుల చేత రెండేళ్ల పాటు తిప్పించారు. ఇరుసు మీద బరువు పెరిగితే రోడ్డుకు కలిగే నష్టం దాదాపు నాలుగో ఘాతంలో, అంటే బరువు ఎన్ని రెట్లైతే ఆ అంకెను నాలుగుసార్లు వేసి గుణించినంతగా, పెరుగుతుందని తేలింది. బరువు రెట్టింపైతే నష్టం రెట్టింపు కాదు, 16 రెట్లు.

లెక్క వేసి చూద్దాం. కారు ఇరుసు మీద 0.8 టన్నులు, లారీ ఇరుసు మీద 8 టన్నులు అనుకుంటే బరువులో తేడా 10 రెట్లు, నష్టంలో తేడా 10,000 రెట్లు. కార్లు ఎన్ని పెరిగినా ట్రాఫిక్ జామ్ అవుతుంది గానీ రోడ్డు నలగదు. నలిగేది ఇసుక లారీలు, గ్రానైట్ రాళ్ల లారీలు తిరిగే దారుల్లోనే.

మన దేశంలో రోడ్డు మందం లెక్కలకు దాదాపు 8.2 టన్నుల ఇరుసును కొలబద్దగా తీసుకుంటారు. నాలుగు టైర్లున్న ఒంటి ఇరుసు మీద చట్టం ఒప్పుకునే బరువు చాలాకాలం 10.2 టన్నులు ఉండేది. 2018 జులైలో దాన్ని 11.5 టన్నులకు పెంచారు. బరువు పెరిగింది సుమారు 13 శాతం. నాలుగో ఘాతం లెక్కన నష్టం పెరిగేది 60 శాతం పైమాటే. 16 టన్నులు మోసే ఓవర్‌లోడ్ ఇరుసైతే, కొలబద్ద ఇరుసులు 14 ఒకదాని వెనక ఒకటి వెళ్లిన దానికి సమానం.

పెంచినవాళ్ల వాదనా వినాలి. లారీలో ఎక్కువ సరుకు పడితే ట్రిప్పులు తగ్గుతాయి, డీజిల్ మిగులుతుంది, సరుకు రవాణా ఖర్చు దిగుతుంది. అప్పటికే ఎటూ ఓవర్‌లోడ్‌తోనే నడుస్తున్నారు కదా అన్నది ఇంకో మాట. రోడ్డు వైపు నుంచి చూసేవాళ్లు మాత్రం ట్రిప్పులు తగ్గినా నష్టం పెరిగినంతగా తగ్గవంటారు. మిగిలిన డీజిల్ డబ్బు లారీ యజమానికి, సరుకు కొనేవారికి చేరుతుంది, రోడ్డు బిల్లు మాత్రం ప్రభుత్వానికి వస్తుందని కూడా అంటారు. ఆ నాలుగు అన్న అంకె కూడా రాతి మీద చెక్కింది కాదు. ఒక వాతావరణంలో, ఒక రకం మట్టి మీద వచ్చిన ఫలితం అది. రోడ్డు రకాన్ని బట్టి, చెడే తీరును బట్టి అది మారుతుంది. నష్టం బరువు కంటే ఎన్నో రెట్లు వేగంగా పెరుగుతుందన్న సంగతి మాత్రం మారదు.

మన పల్లెల్లో ఇంకో బరువుంది, నాట్ల కాలంలో కనిపిస్తుంది. దమ్ము చేసే ట్రాక్టర్లు ఇనుప కేజ్ వీల్స్‌తోనే తారు రోడ్డెక్కుతాయి. అక్కడ మొత్తం బరువు ఎంతన్నది పెద్ద విషయం కాదు. ఆ బరువంతా ఇనుప పట్టీల అంచుల మీద పడి తారు పొరను కోసేస్తుంది. ఆ కోతల్లోకి దిగేది మళ్లీ నీళ్లే.

మెల్లగా దిగి, ఒక్కసారిగా జారే గీత

రోడ్డు పరిస్థితికి 100 మార్కులు ఇచ్చి, ఏటా ఎన్ని తగ్గుతున్నాయో గీత గీస్తే అది నేరుగా దిగదు. మొదటి కొన్నేళ్లు మెల్లగా వంగుతుంది. ఒక మలుపు తర్వాత నిలువుగా జారుతుంది. ఇంజినీర్లు తరచూ చూపించే బొమ్మ ఒకటుంది. జీవితకాలంలో మొదటి 75 శాతంలో రోడ్డు 40 శాతం నాణ్యత కోల్పోతే, ఆ తర్వాతి 12 శాతం కాలంలోనే ఇంకో 40 శాతం కోల్పోతుందని దాని సారాంశం. మలుపుకు ముందు ఒక రూపాయితో అయ్యే పనికి తర్వాత ఆరు నుంచి పది రూపాయలు అవుతుందని కూడా అందులో రాస్తారు. ఈ అంకెలు ప్రతి రోడ్డుకూ అలాగే వర్తిస్తాయని నమ్మక్కర్లేదు. అది తీరును చూపించే బొమ్మ మాత్రమే. కారణం తేలికే: మలుపుకు ముందు చెడింది పైపొర ఒక్కటే. తర్వాత చెడింది కింది కంకర, మట్టి. గొడుగుకు చిల్లు పడితే గుడ్డ ముక్క వేస్తే చాలు. తడిసి కూలిన గోడను మళ్లీ కట్టుకోవాలి.

అందుకే ఒక్కో దశకు ఒక్కో పని ఉంది. పగుళ్లు సన్నగా ఉన్నప్పుడు వాటిలో తారు నింపుతారు, లేదా మైక్రో సర్ఫేసింగ్ లాంటి అతి పలుచని పూత వేస్తారు. ఇంకొంచెం ముదిరితే పైన కొత్త పొర వేస్తారు, మనవాళ్లు రెన్యువల్ అనేది దీన్నే. కింది పొరలు పాడయ్యాక తవ్వి మళ్లీ వేయడమే. అలాంటి రోడ్డు మీద పలుచటి పొర వేస్తే కొన్ని నెలలు నల్లగా మెరుస్తుంది, కింది పగుళ్లు మళ్లీ పైకి వస్తాయి. వానాకాలం మధ్యలో నీళ్లున్న గుంతలో మిక్స్ పోసి పారతో తట్టే ప్యాచ్ వర్కుదీ అదే గతి. తడి రాయికి తారు అంటదు.

ఒక మండలం, 100 కిలోమీటర్లు, 4.2 కోట్లు

లెక్క అర్థం కావడానికి ఒక మండలాన్ని ఊహించుకుందాం. ఈ అంకెలన్నీ నేను ఉదాహరణకు పెట్టినవే. మొత్తం రోడ్లు 100 కిలోమీటర్లు. వాటిలో 40 బాగున్నాయి, 35 మధ్యరకం, 25 పాడైపోయాయి. పలుచని పూతకు కిలోమీటరుకు 6 లక్షలు, రెన్యువల్‌కు 25 లక్షలు, తవ్వి వేయడానికి 70 లక్షలు అవుతాయి. ఈ ఏడాది చేతిలో ఉన్నది 4.2 కోట్లు. ఏమీ చేయకపోతే ఈ ఏడాది మధ్యరకంలో 8 కిలోమీటర్లు మలుపు దాటి పాడైన రోడ్లలో కలుస్తాయి.

మొదటి దారి: గుంతల రోడ్లకే ముందు. 4.2 కోట్లతో 6 కిలోమీటర్లు కొత్తగా వేయొచ్చు. కానీ ఈలోగా 8 కిలోమీటర్లు చెడ్డవాటిలో చేరాయి. ఏడాది చివర పాడైన రోడ్లు 27 కిలోమీటర్లు. అంత డబ్బూ ఖర్చయింది, సమస్య రెండు కిలోమీటర్లు పెరిగింది.

రెండో దారి: జారబోయే 8 కిలోమీటర్లకు రెన్యువల్, 2 కోట్లు. బాగున్నవాటిలో పగుళ్లు మొదలైన 10 కిలోమీటర్లకు పూత, 60 లక్షలు. మిగిలిన డబ్బులో 1.4 కోట్లతో 2 కిలోమీటర్లు తవ్వి వేయడం. ఇంకా మిగిలే 20 లక్షలు చెడ్డ రోడ్ల మీద గుంతలు పూడ్చడానికి. ఏడాది చివర పాడైన రోడ్లు 23 కిలోమీటర్లు. అదే డబ్బు. మొదటి దారిలో చెడ్డ రోడ్లు పెరిగాయి, రెండో దారిలో తగ్గాయి.

మా ఊళ్లో యంత్రాలు చెరువు కట్ట దగ్గర ఆగిపోవడానికి ఇది ఒక కారణమై ఉండొచ్చు.

గుంతల ఊరివాళ్లు అడిగే ప్రశ్న

ఈ లెక్క కాగితం మీద ఎంత బాగున్నా, ఆ 23 కిలోమీటర్ల మీద మనుషులున్నారు. బస్సు రావడం మానేసిన ఊరుంది. నొప్పులు వస్తున్న గర్భిణిని ఆటోలో కుదుపుల మీద తీసుకెళ్లే కుటుంబం ఉంది. "ఇంకో నాలుగేళ్లు ఆగండి, ముందు పక్క ఊరి మంచి రోడ్డును కాపాడుకుంటాం" అని వాళ్లకు చెప్పడం న్యాయమా? ఇది నిజమైన ప్రశ్న. ఆ రెండు కిలోమీటర్ల మీద రోజూ తిరిగేవాడిగా నాకు ఇందులో వాళ్ల వైపే ఎక్కువ న్యాయం కనిపిస్తుంది. చాలా దేశాల్లో ఇంజినీర్లు దీనికి చెప్పే పరిష్కారం డబ్బును రెండుగా విడదీయడం. కొంత భాగం కాపాడే పనులకు ఎవరూ ముట్టకుండా పక్కన పెట్టాలి, మిగతాది చెడ్డ రోడ్లలో ఎక్కువ మందికి అవసరమైన వాటికి వాడాలి. ఎంత శాతం అన్నది ఇంజినీరింగు తేల్చదు, రాజకీయమే తేల్చాలి.

ఇంకో అభ్యంతరం నాణ్యత గురించి. రోడ్డు మొదట సరిగ్గా వేస్తేనే ఆ గీత మెల్లగా దిగుతుంది. తారు తక్కువ వేసి, రోలింగు చాలక, పక్క కాలువ లేకుండా వేసిన రోడ్డుకు మొదటి వానాకాలమే మలుపు. దాని మీద పూత వేయడమంటే చిల్లు కుండకు సున్నం కొట్టడమే. ఈ మాటకు జవాబుగా ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో రోడ్డు వేసిన కాంట్రాక్టరే ఐదేళ్లు నిర్వహించాలన్న షరతు పెట్టారు. తప్పు చేస్తే తన జేబుకే తగులుతుందన్నది దాని వెనక ఆలోచన. ఆరో ఏడు ఆ రోడ్డు ఎవరి బాధ్యత, డబ్బు ఎక్కడిది అన్న ప్రశ్న అక్కడితో తీరదు.

మరో చిక్కు ఖాతాల్లో ఉంది. రోడ్డు బాగుచేస్తే ఖర్చు శాఖ పద్దులో కనిపిస్తుంది. బాగుచేయకపోతే అయ్యే ఖర్చు ఏ పద్దులోనూ కనిపించదు. అది విరిగిన స్ప్రింగు, అరిగిన టైరు, ఎక్కువ తాగిన డీజిల్, నడుం నొప్పికి కొన్న మాత్రల రూపంలో లక్షల ఇళ్లకు పంచబడుతుంది. ప్రపంచ బ్యాంకు నుంచి వచ్చిన హెచ్‌డీఎం-4 లాంటి సాఫ్ట్‌వేర్ ఈ రెండు ఖర్చులనూ కలిపి చూస్తుంది. అలా కలిపితే వాహనాలు ఎక్కువ తిరిగే రోడ్లకు లాభం ఎక్కువ చూపిస్తుంది. వాహనాలు తక్కువుండే పల్లె రోడ్డు వెనకబడుతుంది. పై ప్రశ్న మళ్లీ మొదటికొస్తుంది.

కొలవకుండా ఏ లెక్కా నిలబడదు

రెండో దారి పట్టాలంటే ఏ 8 కిలోమీటర్లు జారబోతున్నాయో ముందే తెలియాలి. దానికి మూడు రకాల కొలతలున్నాయి. పగుళ్లు, గుంతలు ఎన్ని, ఎంత తీవ్రంగా ఉన్నాయో చూసి 0 నుంచి 100 మధ్య మార్కు వేసే పేవ్‌మెంట్ కండిషన్ ఇండెక్స్ ఒకటి. అమెరికా ఆర్మీ ఇంజినీర్ల విభాగం దీన్ని తయారు చేసింది. కుదుపును కొలిచే రఫ్‌నెస్ ఇండెక్స్ రెండోది. 1982లో బ్రెజిల్ రాజధానిలో జరిగిన ప్రయోగాల నుంచి దీనికి ప్రపంచమంతటా ఒకే కొలబద్ద వచ్చింది. మూడోది పైకి కనిపించని బలహీనతను పట్టేది. రోడ్డు మీద బరువును ధన్‌మని వదిలి, నేల ఎన్ని మైక్రాన్లు కుంగిందో కొలుస్తారు. మన జాతీయ రహదారుల మీద లేజర్లు, కెమెరాలు బిగించిన నెట్‌వర్క్ సర్వే వాహనాలు ఈ పనులు కొన్ని చేస్తున్నాయి.

కొలతలు పెట్టుకుని లెక్క వేస్తే ఏమవుతుందో అరిజోనా చూపించింది. ఆ అమెరికా రాష్ట్రం 1980లో తన రోడ్లన్నిటి కొలతలనూ కంప్యూటర్‌కు ఇచ్చి, ఈ ఏడాది ఏ రోడ్డుకు ఏ పని చేస్తే వచ్చే ఏళ్లలో మొత్తం ఖర్చు తగ్గుతుందో లెక్క కట్టించింది. రోడ్లు అడిగిన స్థాయిలోనే ఉంటూ మొదటి ఏడాదిలోనే 1.4 కోట్ల డాలర్లు మిగిలాయి. అంతకుముందు అవసరానికి మించి మందంగా పొరలు వేస్తున్నారని, సకాలంలో పలుచటి పొర చాలని బయటపడింది.

సిమెంటా, తారా? వడ్డీని బట్టి

"సీసీ రోడ్డు వేస్తే ముప్పై ఏళ్లు చూడక్కర్లేదు కదా" అన్న మాట ప్రతి చర్చలో వస్తుంది. మళ్లీ ఉదాహరణ అంకెలతోనే చూద్దాం. తారు రోడ్డుకు మొదట 100 రూపాయలు, 6, 12, 18వ ఏళ్లలో 25 చొప్పున. సిమెంటు రోడ్డుకు మొదటే 140, 12వ ఏట 10. ఊరికే కూడితే తారు 175, సిమెంటు 150. సిమెంటే చవక. కానీ ఈ రోజు మిగిలిన 40 రూపాయలను వేరేచోట పెడితే వడ్డీ వస్తుంది కదా. నాలుగు శాతం వడ్డీ లెక్కతో రెండూ 147 దగ్గర దాదాపు సమానం అవుతాయి. పది శాతంతో తారు 127, సిమెంటు 143. రోడ్లు అవే, తీర్పు తారుమారైంది. సిమెంటు మంచిదా తారు మంచిదా అని వాదించుకునే ఇద్దరూ తరచుగా వాదిస్తున్నది తమకు తెలియకుండానే వడ్డీ రేటు గురించి. దానికి తోడు, పైపులైన్ల కోసం ఏటా తవ్వే వీధిలో సిమెంటును కోసి అతకడం కష్టం. నీళ్లు నిలిచే పల్లపు వీధిలో మాత్రం తారు కంటే సిమెంటే తట్టుకుంటుంది.

రన్‌వే మీద గుంత కోసం ఎవరూ ఎదురుచూడరు

విమానాశ్రయంలో కూడా పొరలవే, తారూ సిమెంటూ అవే. తేడా తప్పు జరిగితే పడే మూల్యంలో ఉంది. విమానం టైరులో గాలి ఒత్తిడి లారీ టైరుకు సుమారు రెట్టింపు ఉంటుంది. ఒక పెద్ద బోయింగ్ 777 నిండుగా ఎగిరేటప్పుడు 350 టన్నులు. రోడ్డు మీద ఊడిన కంకర రాయి బండి అద్దానికి తగులుతుంది. రన్‌వే మీద ఊడిన రాయి ఇంజిన్‌లోకి పోతుంది. రన్‌వే మీద చిన్న వస్తువు ఏం చేయగలదో 2000 జులై 25న పారిస్‌లో ప్రపంచం చూసింది. ముందు వెళ్లిన విమానం నుంచి ఊడిపడిన లోహపు పట్టీ కాంకార్డ్ అనే ప్రయాణికుల విమానం టైరును చీల్చింది. 113 మంది చనిపోయారు. అందుకే ఇక్కడ పగులు కనిపించడమే పని మొదలుపెట్టడానికి కారణం. గాలి, ఎండ వల్ల తారు పెళుసై రాళ్లు వదులవడం రోడ్డు మీద చిన్న లోపం, రన్‌వే మీద పెద్దది. విమానాలు దిగే చోట టైరు రబ్బరు అంటుకుని నున్నగా తయారవుతుంది, వాన పడితే జారుతుంది. దాన్ని కూడా ఎప్పటికప్పుడు గీకేయాలి.

ఇక్కడ అసలు ఖర్చు తారు కంటే సమయానిది. ముంబయి విమానాశ్రయంలో రెండు రన్‌వేలు ఒకదాన్నొకటి దాటుతాయి. అందుకే వానాకాలానికి ముందూ తర్వాతా ఒక్కో రోజు ఉదయం 11 నుంచి సాయంత్రం 5 దాకా రెండూ మూసి పని చేస్తారు. 2024 అక్టోబరు 17న అలాగే చేశారు. విమాన సంస్థలకు ఆరు నెలల ముందే చెప్పారు. శంషాబాద్‌లో 4,260 మీటర్ల ప్రధాన రన్‌వేకు పని పడితే, పక్కనే సమాంతరంగా ఉన్న 3,707 మీటర్ల ట్యాక్సీవేను (విమానాలు నేల మీద నడిచి వెళ్లే దారిని) రన్‌వేగా వాడుకునే ఏర్పాటుంది. అమెరికాలో 1995 నుంచి ఇంకో నిబంధన ఉంది. రన్‌వేలాంటి పనులకు కేంద్ర ప్రభుత్వ నిధులు కావాలంటే, విమానాశ్రయం ముందుగా చెడకుండా కాపాడే నిర్వహణ కార్యక్రమం నడుపుతున్నట్టు చూపించాలి.

డబ్బున్న చోట అన్నీ సాధ్యమే అనొచ్చు. నిజమే, ప్రయాణికుల నుంచి వసూలయ్యే రుసుములు అక్కడే ఖర్చవుతాయి, పల్లె రోడ్డుకు ఆ వెసులుబాటు లేదు. కానీ రన్‌వేకు ఉన్న ఇంకో సౌకర్యానికి పెద్దగా డబ్బు అక్కర్లేదు. ప్రతి రన్‌వే ఎంత బరువు మోయగలదో తెలిపే ఒక అంకె, దాని పక్కన మట్టి రకం, టైరు ఒత్తిడి పరిమితి తెలిపే అక్షరాలు బహిరంగంగా ప్రచురిస్తారు. పాత పీసీఎన్ పద్ధతి స్థానంలో 2024 నవంబరు నుంచి పీసీఆర్ అనే కొత్త పద్ధతి వచ్చింది. ఏ దేశపు పైలటైనా బయల్దేరే ముందే ఆ అంకె చూసుకోగలడు.

మా చెరువు కట్ట రోడ్డుకు ఎన్ని మార్కులో టీకొట్టు దగ్గర ఎవరికీ తెలియదు. గ్రామ సడక్ రోడ్ల మీద ఫిర్యాదుకు మేరీ సడక్ యాప్ ఉంది, గుంత పడ్డాక ఫొటో తీసి పంపొచ్చు. కట్టకు ఇవతలి ముక్కకు పోయినేడు 70 మార్కులు, ఈ ఏడు 58, అవతలి ముక్కకు 20 అని ఆ కట్ట మీదే ఒక బోర్డు ఉండి ఉంటే, ఆ వేసవి మా మాటలు ఇంకోలా సాగేవి. బిల్లుల గురించి అనుమానాన్ని పక్కన పెట్టి, కాపాడే పనికి ఎంత, మా రెండు కిలోమీటర్లకు ఎంత అని అడిగేవాళ్లం.